అద్దం లేని పటం

పాత కాగితం గురించి అతుకులక్కకి తెలియనిది లేదని ఆ వీధిలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, అతుకులక్కే. ముప్పై మూడేళ్లుగా చినిగిన కాగితాలకి అతుకులు వేస్తూ, మరకలు కడుగుతూ, పురుగు తిన్న చోట కొత్త గుజ్జు నింపుతూ బతుకుతోంది. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. "నా చేతిలో పడ్డ కాగితం పాడైందని ఒక్కడి చేత అనిపించండి, ఈ కొట్టు మూసేస్తా" అని సవాలు విసిరేది. ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. ఎవరినీ అననివ్వదు కూడా, అది వేరే సంగతి.

కొట్టు రెండు గదులు. లోపలి గది అక్కది. కిటికీ కింద పొడుగు బల్ల, రెండు పెద్ద ట్రేలు, బ్లాటింగ్ పేపర్ల దొంతర, డబ్బా నిండా కుంచెలు. మెడలో తాడుకి ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతుంటుంది. ముందు గది ఆవిడ మొగుడిది. ఆయన్ని అందరూ ఫ్రేములాయన అంటారు. చెక్క కోస్తాడు, అద్దం కోస్తాడు, మనిషి దొరికితే కబుర్లు చెబుతూ పూట గడిపేస్తాడు. ఆవిడ ఎంత కరుకో ఆయన అంత మెతక. ఇద్దరికీ ఎలా పొసిగిందంటే, మధ్యలో గోడ ఉంది కాబట్టి అని ఆయనే చెప్పేవాడు.

వానలకి ఇళ్లు కారి, తడిసిన పుస్తకాలూ ఫొటోలూ కొట్టు ముందు వరస కట్టే రోజులవి. ఒక పొద్దున ఒకావిడ దుప్పటి చుట్టిన పొడుగాటి చుట్టని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి కిందటేడే రిటైరయిందట. సన్నగా, చురుగ్గా ఉంది. ఎక్కడ నిలబడినా డ్యూటీలో ఉన్నట్టే నిలబడుతుంది.

దుప్పటి విప్పితే లోపల ఒక పటం. అంతా సముద్రం, సముద్రం నిండా దీవులు. నూట ఇరవై ఏళ్ల కిందట ఏదో పెద్ద అచ్చాఫీసులో రంగుల్లో వేసింది. ఒడ్డుల దగ్గర లేత నీలం, లోతున్న చోట ముదురు నీలం. ఆరబోసిన పెసల్లా వందల దీవులు, ఆకుపచ్చగా. పెద్ద దీవుల నడుమ గోధుమరంగు కొండలు. ఓడలు నడిచే దారులు సన్నటి ఎర్రగీతలు. ఒక మూల కొబ్బరిచెట్ల బొమ్మ, దాని పక్కనే పొగ వదులుతున్న ఓడ బొమ్మ. ఇంత అందం మీదా ఎవరో టీ కుమ్మరించినట్టు మరకలు. కప్పు కారి, గోడ వెంట దిగిన నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి చారలు పెట్టేశాయి.

అతుకులక్క భూతద్దం కంటికి ఆనించి పటం మీద నాలుగు చోట్ల వంగి చూసింది.

"రాతి అచ్చు. ఎనిమిది రాళ్లు" అంది.

"అంటే ఏంటక్కా?" అంది నర్సమ్మ.

"రంగుకో రాయి. ఒక్కో రాయికి ఒక్కో రంగు పూసి, ఇదే కాగితాన్ని దాని మీద పెట్టి నొక్కుతారు. అలా ఎనిమిదిసార్లు. ఇదిగో, ఇందులోంచి చూడు. రంగంతా చుక్కలే కదా? చేత్తో వేసిన రంగైతే చుక్కలుండవు, పులిమినట్టుంటుంది. ఇది నూనె సిరా. నీళ్లంటే దీనికి లెక్కలేదు. శుభ్రంగా స్నానం చేయించొచ్చు."

"పాడవదుగా?"

"పాడవడమా! పెళ్లికూతురిలా నీ చేతికిస్తా."

నర్సమ్మ ముఖం తేటపడింది. అక్క అంచులన్నీ తడుముతూ వచ్చి, కింద కుడి పక్కన ఆగింది. అక్కడ ఒక ఎర్రగీత నడిసముద్రంలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. సరిగ్గా ఆ చివర బొటనవేలి గోరంత మచ్చ. నల్లగా, జిడ్డోడుతూ, పెచ్చు కట్టి ఉంది.

"ఇదేంటి, ఇంత మురికి?"

"అదా... అమ్మ రోజూ అక్కడ వేలు పెడుతుందక్కా. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాన్న అక్కడున్నాడని. అమ్మకి..."

ఇంకేదో చెప్పబోయింది పాపం. చెప్పనిస్తేగా! "నూనె చేతులతో కాగితాన్ని ముట్టుకుంటే ఇంతే మరి. ఏ ఇంట్లో చూసినా ఇదే భాగోతం" అని అక్క అందుకుంది. వచ్చినవాళ్ల ఏడుపులన్నీ వింటూ కూర్చుంటే కాగితాలెవరు కడుగుతారని ఆవిడ వాదన. ఆ ఒక్క నిమిషం నోరు కట్టుకుని వినుంటే ఈ కథే లేదు.

నర్సమ్మ ముందు గదిలోకి వచ్చాక ఫ్రేములాయన పలకరించాడు.

"అద్దం ఏది వెయ్యమంటావమ్మా? మామూలుదా, మెరుపు కొట్టనిదా?"

"అద్దం వద్దన్నా. ఒట్టి చెక్క చాలు."

"అద్దం లేని ఫ్రేమేంటమ్మా! పైకప్పు లేని ఇల్లు కట్టమన్నట్టుంది. దుమ్ము పడుతుంది, పురుగు పడుతుంది. వచ్చే ఏడాది మళ్లీ మా దగ్గరికే తెస్తావు."

"పర్లేదన్నా. అమ్మ తాకాలి కదా."

ఆయన ఆ వారమంతా సణుగుతూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ల పనిలో అద్దం వద్దన్న మనిషిని చూడలేదట. లోపల్నుంచి అక్క, "కందకు లేని దురద నీకెందుకయ్యా, అడిగింది చేసియ్యి" అని గదమాయించింది. గోడకి ఇవతల ఒకరు, అవతల ఒకరు. తాకాలి అన్న మాట ఇద్దరి చెవినా పడింది. ఇద్దరిలో ఒక్కరూ దాని గురించి ఆలోచించలేదు.

కడిగే ముందు అక్క ఏ కాగితానికైనా పరీక్ష పెడుతుంది. రంగు మీద ఒక నీటి చుక్క వేసి, అరనిమిషం ఆగి, తెల్ల కాగితంతో అద్ది చూస్తుంది. చేత్తో రంగులు నింపిన పటమైతే ప్రతి దీవి మీదా, ప్రతి కొండ మీదా చుక్క వెయ్యాల్సిందే. ఏ రంగు ఎప్పుడు కలిపారో, ఎంత జిగురు పోశారో ఎవరికి తెలుసు? రెండ్రోజులు పడుతుంది. అచ్చు పటమైతే ఆ బాధ లేదు. వెయ్యి దీవులున్నా ఆకుపచ్చ ఒక్కటే, ఒకే రాయి మీది ఒకే సిరా. రంగుకో చుక్క చాలు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ అనేది అక్క. ఎనిమిది రంగులకి ఎనిమిది చుక్కలు వేసింది. ఒక్క రంగూ కదల్లేదు.

పటానికి ముందుగా ఫొటో తీసిపెట్టుకుని, ట్రేలో గోరువెచ్చటి నీళ్లు పోసి మెల్లగా దించింది. మరకలు బెల్లం కరిగినట్టు కరిగాయి. నీళ్లు పసుపుపచ్చగా మారితే పారబోసి మళ్లీ పోసింది. మూడో నీళ్లకి సముద్రం మిలమిలలాడింది. ఆ కుడి పక్క పెచ్చు మాత్రం మొండికేసింది. అక్కకి పట్టుదల వచ్చింది. మెత్తటి కుంచె తీసి, నీళ్లలో ముంచుతూ, చుట్టూ తిప్పుతూ, పొర తరవాత పొర నానబెట్టి లేపింది. మధ్యలో ఒక ఆకుపచ్చ దారం నీళ్లలోకి సాగి మాయమైంది. గోడ మీది పాచి అనుకుంది. సరిగ్గా అరగంట పట్టింది. మచ్చ పోయి అడుగున నీలం బయటపడితే, "ఇప్పుడు చెప్పు!" అంది, ఎవరితోనో. ముందు గదిలోంచి ఆయన "నన్నేనా?" అన్నాడు.

మర్నాడు పటం బ్లాటింగ్ పేపర్ల మధ్య ఆరుతుంటే నర్సమ్మ ఫోన్ చేసింది.

"ఎలా ఉందక్కా?"

"చెప్పాగా, పెళ్లికూతురే!"

"అమ్మ నిలవనివ్వట్లేదు. గంటకోసారి అడుగుతోంది. అక్కా, నాన్న దీవి బాగా కనబడుతోందా? అదే, కింద కుడి పక్కన, ఎర్రగీత చివర ఉంటుందే, చిన్న ఆకుపచ్చ దీవి. మురికి పట్టకముందు ఎంత ముద్దుగా ఉండేదో."

"కనబడక! బ్రహ్మాండంగా కనబడుతోంది" అంది అతుకులక్క.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట ఆవిడ నోటితో అన్నది కాదు, ముప్పై మూడేళ్ల అలవాటు అంది. ఫోన్ పెట్టేసి, పై కాగితం తీసి చూసింది. ఎర్రగీత చివర నీలం. చుట్టూ నీలం. భూతద్దం పెట్టి చూసింది. నీలం చుక్కలు వరస తప్పకుండా, ఎక్కడా సందు లేకుండా ఉన్నాయి. అచ్చు వేసినవాళ్లు అక్కడ ఏ రోజూ ఏ దీవినీ పెట్టలేదు.

కడగక ముందు తీసిన ఫొటోని పెద్దది చేసి చూసింది. నల్లటి పెచ్చు అంచున, జిడ్డు కిందనుంచి సన్నటి ఆకుపచ్చ తొంగి చూస్తోంది. దాని చుట్టూ కలంతో గీసిన ఒడ్డు, కాస్త వణికిన గీత. కుంచె తీసి వెంట్రుకల మొదట్లో చూసింది. అక్కడా ఆకుపచ్చే. చుక్కల్లేవు. పులిమినట్టుంది.

కుర్చీలో కూలబడింది. ఎంతసేపైనా లోపల్నుంచి తిట్లు వినబడకపోతే ఫ్రేములాయనకి అనుమానం వచ్చింది. వచ్చి చూశాడు, విన్నాడు, తల గోక్కున్నాడు.

"ఫోన్ చేసి చెప్పెయ్యవే."

"ఏమని చెప్పను? మీ నాన్నని కడిగేశాననా?"

"జరిగింది జరిగినట్టు చెప్పు. నాలుగు తిట్లు తిడుతుంది. తిట్టనీ. తిట్లు రెండ్రోజుల్లో దిగిపోతాయి."

"ముప్పై మూడేళ్లయ్యా! ఒక్క మాట పడలేదు నేను." కాసేపటికి మళ్లీ తనే అందుకుంది. "అయినా ఆ నర్సమ్మ అది అచ్చులో ఉన్న దీవే అనుకుంటోంది. అది ఎవరో చేత్తో వేసిందని, అసలు అలాంటి దీవే లోకంలో లేదని నేను చెప్పాలా? తండ్రిని రెండుసార్లు చంపనా?"

ఈ మాట నిజమే. కానీ నిజాన్ని కూడా మనిషి తనకి అవసరమైనప్పుడే బయటికి తీస్తాడు. ఫ్రేములాయన ఆవిడ ముఖం చూసి తన గదిలోకి వెళ్లిపోయాడు.

పోయినదాన్ని తిరిగి పెట్టడమే కదా తన పని అనుకుంది అతుకులక్క. మర్నాడూ ఆ మర్నాడూ పొద్దున్నుంచి వెలుగున్నంతసేపు కిటికీ కింద కూర్చుంది. పక్క దీవి మీది ఆకుపచ్చకి సరితూగేలా రంగు కలిపింది. ఈసారి నీళ్లకి కదలని రంగు. నాలుగు వెంట్రుకల కుంచెతో, ఫొటో పక్కన పెట్టుకుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ వెళ్లింది. అచ్చులో చుక్క ఎంతుందో అంతే, సందు ఎంతుందో అంతే. ఒడ్డు గీత కూడా రాతి అచ్చులో పడినట్టే సన్నగా, వణకకుండా లాగింది. పూర్తయ్యాక మొగుణ్ణి పిలిచి భూతద్దం చేతికిచ్చింది.

"ఏది నాదో చెప్పు."

ఆయన ఎంతసేపు వెతికినా పట్టుకోలేకపోయాడు. వేలితో మెల్లగా రాసి చూశాడు. కాగితమంత నున్నగా ఉంది.

"అబ్బ!" అన్నాడు. తరవాత భూతద్దం తిరిగిస్తూ, "ఇంత బాగా అబద్ధం చెప్పడం నాకైతే రాదే" అన్నాడు.

అక్కకి కోపం వచ్చింది. కానీ కోపం కింద గర్వం కూడా ఉంది, ఎందుకు దాచాలి? ఆవిడ చేసిన పనుల్లోకెల్లా గొప్పది అదే.

పటం పెద్దది కావడంతో వచ్చి గోడకి తగిలించి వెళ్లమని నర్సమ్మ బతిమాలింది. మొగుడూ పెళ్లాం చెరో పక్కా పట్టుకుని, ఇరుకు మెట్ల మీదుగా రెండో అంతస్తుకి ఎక్కారు. ఒకటే గది, దానికో వంటిల్లు. గోడకి సున్నం కొత్తగా వేయించారు. మంచం మీద ముసలమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, గుప్పెడంత ఉంది. తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని, పటం కోసం, చుట్టాలు వస్తున్నట్టు తయారై ఉంది. అడుగుల చప్పుడుకి ముఖం తిప్పింది. కళ్లు రెండూ తెల్లగా, పాలు పోసినట్టున్నాయి.

అతుకులక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆవిడకి... చూపు?"

"లేదక్కా. ఏడేళ్లయింది. వెలుగూ నీడా తెలుస్తాయంతే" అంది నర్సమ్మ మెల్లగా. "ఆ రోజు చెబుదామనుకున్నా. మీరు పనిలో ఉన్నారు."

నర్సమ్మ మంచిది కాబట్టి పనిలో ఉన్నారంది. నోరు మూయించారు అనలేదు.

"వచ్చావా తల్లీ?" అంది ముసలమ్మ. "నా పటాన్ని నీళ్లలో ముంచావటగా! ఊపిరాడిందా దానికి?" అని నోరారా నవ్వింది. పళ్లు లేని నవ్వు. ఫ్రేములాయన కూడా నవ్వబోయి, పెళ్లాన్ని చూసి ఆగిపోయాడు. ఇద్దరూ పాత మేకుల మీదే పటం తగిలించారు. ముసలమ్మ నిలబడితే ఛాతీ ఎత్తుకి వచ్చేలా, ఎప్పుడూ ఉండే చోటే.

ముసలమ్మ లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. లెక్కగా ఆరడుగులు వేసింది. ఎడమ చేత్తో ఫ్రేము కింద మూల వెతికి పట్టుకుంది. అక్కణ్ణించి జానెడు పైకి, నాలుగు వేళ్లు లోపలికి కొలుచుకుని, కుడి చూపుడువేలు కాగితం మీద ఆనించింది. వేలు సరిగ్గా అక్క వేసిన దీవి మీద పడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

వేలు అటూ ఇటూ కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"కొత్త చెక్క కదూ. కొలత తప్పినట్టుంది" అని, ముసలమ్మ మళ్లీ మూల నుంచి మొదలుపెట్టింది. జానెడు, నాలుగు వేళ్లు. వేలు మళ్లీ అక్కడే పడింది. ఈసారి చుట్టూ తడిమింది, చీకట్లో కింద పడ్డ సూది కోసం తడిమినట్టు.

"నీళ్లే తగులుతున్నాయి" అంది.

"అక్కడే ఉందమ్మా. సరిగ్గా నీ వేలి కిందే ఉంది" అంది నర్సమ్మ. "నేను చూస్తున్నాగా. ఆకుపచ్చగా ఎంత బాగుందో."

"నీకు కనబడి ఏం లాభమే? నాకు తగలట్లేదు."

ఫ్రేములాయన పెళ్లాం వైపు చూడలేదు. చూడకపోవడమే ఆవిడకి ఎక్కువ తగిలింది. తను చేసిన పనంతా కంటికోసం చేసింది. ఆ ఇంట్లో ఆ దీవి కావాల్సినావిడకి చూపే లేదు. నున్నగా ఉండాలని రెండ్రోజులు ఊపిరి బిగబట్టి వేసిన దీవి, ఆ వేలికి ఒట్టి సముద్రం.

"అమ్మా" అంది అతుకులక్క. "అది నేను వేసిన దీవి. నీదాన్ని నేను కడిగేశాను. మురికి పెచ్చు అనుకున్నా. అచ్చు పటం కదా, చేత్తో వేసింది ఏదీ ఉండదనుకున్నా. ఫోన్లో మీ అమ్మాయి అడిగితే ఉందని అబద్ధం చెప్పా. తరవాత తెలియకుండా వేసి తెచ్చా. తప్పంతా నాదే."

ముందుగా తేరుకుంది నర్సమ్మ. కానీ ఆవిడ అడిగింది కడగడం గురించి కాదు.

"చేత్తో వేసిందేంటి? అది పటంలోదే కదా? అమ్మా?"

ముసలమ్మ వేలు ఇంకా కాగితం మీదే ఉంది.

"మీ నాన్న ఓడ ఎక్కే ముందు చిత్తుకాగితాల కొట్లో కొని తెచ్చాడు దీన్ని. నేను ఈ గీత మీద పోతున్నా, పిల్లకి చూపిస్తూ ఉండు అన్నాడు. ఇంజను గదిలో నూనె పోసే పని. ఐదు నెలల తరవాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఓడ జాడ తెలియలేదని రాశారు. మునిగిందని రాయలేదు, తేలిందని రాయలేదు. నీకు ఐదేళ్లు. పొద్దున లేస్తే పటం ముందే. నాన్న ఎక్కడున్నాడు, నాన్న ఎక్కడున్నాడు. గీత చివర చూస్తే నీళ్లు తప్ప ఏం లేవు. ఏం చూపించను నీకు? నీ రంగుల డబ్బా తీసి ఒక దీవి వేశా. ఓడ పాడైందట, నాన్న ఇక్కడ దిగాడట, కాయలు తింటూ బతికే ఉన్నాడట అని చెప్పా. ఆ రోజు నువ్వు కడుపు నిండా తిన్నావు."

"పెచ్చులా ఎలా అయిందమ్మా అది?" అన్నాడు ఫ్రేములాయన, నోరు ఊరుకోక.

"ఏటా ఒక పూత వేశా నాయనా. ఆయన వెళ్లిన రోజు వస్తుందిగా, ఆ రోజు ఇది బడికి పోయాక, పెద్దయ్యాక డ్యూటీకి పోయాక. జిగురు కలిపి, పాత దాని మీదే. అలలకి కోసుకుపోతుందేమోనని." ముసలమ్మ కాస్త నవ్వింది. "ముందు దీని కోసమే వేశా. తరవాత నాకే అలవాటైపోయింది. రాయిలా వేలికి తగులుతున్నదాన్ని లేదని ఎలా అనుకోను? ఉన్నాడులే, అక్కడ నేల ఉందిగా అనుకుని పడుకునేదాన్ని."

నర్సమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

"నాన్న లేడని నాకు ఎనిమిదో క్లాసులోనే అర్థమైందమ్మా" అంది. "కానీ దీవి ఉందనుకున్నాను."

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ముసలమ్మ తెల్లటి కళ్లు అతుకులక్క ఉన్న వైపు తిప్పింది. తిడుతుందనుకుంది అక్క. తిడితే బాగుండుననుకుంది. జీవితంలో మొదటిసారి ఒకరి చేత తిట్లు తినాలని ఆశపడింది.

"ఎంతసేపు పట్టింది తల్లీ?" అంది ముసలమ్మ.

"ఏదమ్మా?"

"అది పోవడానికి. నీళ్లలో."

ఏదో ఒక మెత్తటి మాట చెప్పొచ్చు. వెంటనే పోయింది, నాకే తెలియలేదు అనొచ్చు. కానీ ఆవిడ దగ్గర ఇంక అబద్ధాలు మిగల్లేదు.

"అరగంట" అంది.

"అరగంట" అంది ముసలమ్మ. పెదాల మీద ఆ మాటని రెండుసార్లు తిప్పుకుంది. "యాభై నాలుగేళ్లుగా అడుగుతున్నా, నీళ్లలో పోవడానికి ఆయనకి ఎంతసేపు పట్టుంటుందని. ఎవ్వరూ చెప్పలేదు."

అప్పుడు ఏడ్చింది. మొదట చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. తరవాత గొంతు లేచింది. అది ఎనభై ఏళ్ల గొంతు కాదు, ఇరవై ఏడేళ్లప్పుడు మింగి లోపల దాచేసినది. మొగుణ్ణి పోగొట్టుకున్న పడుచు ఆడమనిషి ఏడుపు ఆ ముసలి నోట్లోంచి వచ్చింది. నర్సమ్మ ఆసుపత్రిలో ఎన్ని ఏడుపులు చూడలేదు! ఎంతమందిని పట్టుకుని ఓదార్చలేదు! తల్లి ఏడుపు మాత్రం పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చేతులెక్కడ పెట్టాలో తెలియక, ఐదేళ్ల పిల్లలా తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది.

చాలాసేపటికి ముసలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అతుకులక్క ఆవిడ దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుంది.

"మళ్లీ వేస్తానమ్మా. నువ్వు చెప్పినట్టే, జిగురు కలిపి, నీ చేతికి తగిలేలా. యాభై నాలుగు పూతలూ వేస్తా."

"వద్దు తల్లీ" అంది ముసలమ్మ, ఆవిడ తల వెతికి చెయ్యి పెడుతూ. "నువ్వు వేసిన దీవిలో మా ఆయన ఉండడు."

ఆ చెయ్యి తల మీద ఉండగానే అతుకులక్క ఏడ్చింది. పనిచేసిన ముప్పై మూడేళ్లలో ఒకరి ముందు ఏడవడం అదే మొదలు. ముసలమ్మ మాత్రం అప్పటికే ముఖం గోడ వైపు తిప్పింది.

"నాయనా, ఫ్రేములాయనా. ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"అద్దం వెయ్యకపోతే దుమ్ము పడుతుందని గొడవ చేశావట కదా. వేసెయ్యి. ఇంక ముట్టుకునే పనేముంది."

ఫ్రేములాయన సరేనన్నాడు. జేబులోంచి టేపు తీసి పటం పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. టేపు చుట్టేలోపు అంకె మరిచిపోయాడు. మళ్లీ కొలిచాడు, మళ్లీ మరిచిపోయాడు. మూడోసారి అతుకులక్క లేచి వచ్చి టేపు రెండో కొస పట్టుకుంది.